ఒక కొండ – రెండు జాతులు – మంచి పోటీ

(సాంఘిక పాఠం – అన్ని తరగతుల వారికీ)

కథల పుస్తకాల్లో వింత జాతులుంటాయి. ఒక జాతి కొండ మీద, ఇంకో జాతి కొండ కింద. ఇద్దరికీ ఒకే పట్నం, ఒకే జాతర. ఒకరు పాడితే రెండోవాళ్లు అంతకన్నా బాగా పాడాలని చూస్తారు. చదవడానికి బాగుంటాది. కానీ అలాంటి రెండు జాతుల్ని చూడ్డానికి కథ పుస్తకమే అక్కర్లేదు. రాజాంలో బస్సెక్కి పాలకొండ మీదుగా సీతంపేట వెళ్తే చాలు. సంతలో పక్కపక్కనే కనిపిస్తారు. ఒకరు సవరలు, ఒకరు జాతాపులు. మన బడిలో కూడా పక్కపక్కనే కూర్చుని అన్నం తినేది వీళ్లే.

1. వీళ్లెవరు?

సవరలు చాలా పాత జాతి. వేదకాలం నాటి ఐతరేయ బ్రాహ్మణం అనే గ్రంథంలో శబరుల పేరుంది. ఆంధ్రుల పేరు కూడా అదే చోట, అదే వరసలో ఉంది. ఆ శబరులే నేటి సవరలని పండితులు చెప్తారు. అంటే తెలుగువారూ సవరలూ పుస్తకానికెక్కిన రోజునుంచీ ఇరుగుపొరుగులే అన్నమాట. కొండవాలుని రాళ్లతో కట్టి మెట్లు మెట్లుగా వరి పండించడం సవరల గొప్ప విద్య. సిమెంటు లేదు, ఇంజనీరు లేడు. అయినా నీరు పైమడి నుంచి కింది మడికి దిగుతాది.

జాతాపులు కోందుల్లో ఒక శాఖ. 1901 జనాభా లెక్కల నివేదిక వీళ్ల గురించి ఒక ముఖ్యమైన మాట రాసింది. కొండ మీద ఉన్నవాళ్లు కోందు భాష మాట్లాడతారు, మైదానంలో ఉన్నవాళ్లు తెలుగు మాట్లాడతారు అని. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడతాది.

2. భాషలు ఎక్కడివి?

చాలామంది 'కొండభాషలన్నీ ఒకటే' అనుకుంటారు. అది తప్పు.

కోందుల భాష తెలుగుకి చెల్లెలు. రెండూ ద్రావిడ కుటుంబమే. మనం 'ఇల్లు' అంటే కుయి భాషలో 'ఇడు' అంటారు. మనం 'కన్ను' అంటే వాళ్లు 'కను' అంటారు.

సవర వేరే కుటుంబం, ముండా కుటుంబం. సవరలో ఇంటిని 'సింగ్' అంటారు, నీటిని 'డా' అంటారు. ఎక్కడో బెంగాలు, జార్ఖండులో ఉన్న సంతాలీలు నీటిని 'దాక్' అంటారు. చూశారా, మాట ఎంత దూరం చుట్టమో! ఇంకా దూరం వెళ్తే కంబోడియా, వియత్నాం భాషలు కూడా ఈ బంధువర్గంలోవే.

3. లెక్కల పోటీ

తెలుగు లెక్క పదుల మీద నడుస్తాది. సవర లెక్క పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తాది. పన్నెండుని 'మిగ్గెల్' అంటారు. ఒకటి 'బొయ్'. కాబట్టి పదమూడు 'మిగ్గెల్‌బొయ్', అంటే పన్నెండూ ఒకటీ. ఇరవై 'బొకురి'. నాలుగు 'ఉంజి' కాబట్టి ఎనభై 'ఉంజికురి', అంటే నాలుగిరవైలు. (ఊరుని బట్టి పలుకు కొంచెం మారుతాది.)

ఇప్పుడు తొంభైమూడు చెప్పండి. 'ఉంజికురి మిగ్గెల్‌బొయ్'. నాలుగిరవైలు, పన్నెండు, ఒకటి.

ఇదేటి తికమక లెక్క అని నవ్వకండి. ఫ్రాన్సు దేశంలో కూడా 93ని 'నాలుగిరవైల పదమూడు' అనే అంటారు. వాళ్లని ఎవరూ వెనకబడినవాళ్లు అనలేదు.

4. పోటీ చెడితే ఏమౌతాది?

ఇది రాజాంలో ఉన్నవాళ్లకి వేరే చెప్పాలా? బొబ్బిలి, విజయనగరం ఇరుగుపొరుగు సంస్థానాలు. పోటీ పగగా మారింది. విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఆ రోజు తాండ్ర పాపారాయుడు ఉన్నది మన రాజాంలోనే. కొద్ది రోజులకే అతను డేరాలో దూరి విజయరామరాజుని చంపి, తానూ చచ్చిపోయాడు. అక్కడ కోట పోయింది, ఇక్కడ రాజు పోయాడు. చివరికి ఈ సీమంతా ఇంగ్లీషు కంపెనీ చేతిలోకి పోయింది. ఇద్దరు పొరుగువాళ్లు కొట్టుకుంటే గెలిచేది మూడోవాడు.

సవరలు, జాతాపుల పోటీ అలాంటిది కాదు. పండక్కి తుడుం మోగితే ఎవరి అడుగు బాగుందో చూసుకుంటారు. కందికొత్తలప్పుడు ఎవరి ఊరి సందడి పెద్దదో చెప్పుకుంటారు. మర్నాడు అదే సంతకి, అదే దారిన వెళ్తారు. కందులు, చింతపండు, అడ్డాకులు అక్కడే అమ్ముతారు. ఎదుటివాడు ఓడాలని కాదు, వాడు ఉండాలనే ఈ పోటీ. ఎదుటివాడు లేకపోతే ఆటే లేదు కదా!

5. ఇప్పుడున్న కష్టం

ఇక్కడ 1901 నాటి మాట మళ్లీ తీద్దాం. అప్పటికి జాతాపులకి రెండు భాషలున్నాయి. ఇప్పుడు చాలామంది జాతాపు ఇళ్లలో తెలుగే మిగిలింది. ఎవరూ కత్తి పట్టుకుని రాలేదు. ఎవరూ నిషేధించలేదు. సంతలో తెలుగు, ఆఫీసులో తెలుగు, బడిలో తెలుగు. ఇంట్లో కూడా మెల్లమెల్లగా తెలుగే అయింది. తెలుగు నేర్చుకోడం తప్పు కాదు, అవసరం. కానీ ఒకటి నేర్చుకోడానికి ఇంకోటి పారెయ్యక్కర్లేదు.

సవర ఇంకా బతికే ఉంది. 2011 లెక్కల ప్రకారం దేశంలో 4 లక్షలకు పైగా జనం మాట్లాడతారు. కానీ హాస్టల్లో ఎవరైనా నవ్వుతారని సవర గుంటలు గొంతు తగ్గించి మాట్లాడితే, ఆ దారి కూడా అటే పోతాది.

6. దారి చూపినవాళ్లు

గిడుగు రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మేష్టారు. సవర నేర్చుకుని, సవర పిల్లలకి బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. వాడుక తెలుగు కోసం పోరాడిందీ ఆయనే. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. రెండు భాషల్నీ ఒకే మనిషి ఒకే గుండెతో ప్రేమించాడు. మనకెందుకు చేతకాదు?

1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకి సొంత లిపి చేశారు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. అందులో 24 అక్షరాలు. తర్వాత 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో సవర, కువి, కోయ, గోండి లాంటి భాషల్లో చిన్న తరగతుల పాఠాలు తెలుగు లిపిలో అచ్చయ్యాయి.

7. మనం చెయ్యాల్సిన పని

(అ) జాతాపు పిల్లలు ఈ సెలవులకి వెళ్లినప్పుడు అవ్వల్ని, తాతల్ని అడగండి. పాటలోనో, తిట్టులోనో, చెట్టు పేరులోనో పాత మాటలు మిగిలే ఉంటాయి. పది తెచ్చి ఇక్కడ రాయండి.

(ఆ) సవర పిల్లలు పది సవర మాటలు, వాటి అర్థాలు రాయండి. పక్కవాడికి నేర్పండి.

(ఇ) ఎవరు ఎక్కువ తెస్తే వాళ్లది గెలుపు. రెండు జాబితాలూ ఈ గోడ మీదే పక్కపక్కన అంటిద్దాం.

ప్రశ్న: సవర పద్ధతిలో 55 ఎలా చెప్పాలి?

జవాబు (ముందు ఆలోచించి తర్వాత చూడండి): రెండిరవైలు, పన్నెండు, మూడు.