కడిగాక తేలిన మరకలు

డాల్టన్, జార్జియా
ఆదివారం

చిరంజీవి లావణ్యకు,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను, ఆ పొడవాటి వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం నీ ఆఫీసు కాల్స్ మింగేస్తాయి. అందుకని తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. దాచుకో, మళ్ళీ పనికొస్తుంది.

డబ్బిచ్చి క్లీనింగ్ వాళ్ళను పిలిపించావు. వాళ్ళు వెళ్ళేటప్పటికి కార్పెట్ కొత్తగా మెరిసింది. తెల్లారి చూస్తే సోఫా ముందు పాత కాఫీ మరక మళ్ళీ తేలింది. భోజనాల బల్ల దగ్గర పసుపు మరక ఎర్రబడింది. బెడ్‌రూమ్‌లో తడి బట్టలు మాగిన వాసన. హాల్లో కార్పెట్ అలలు అలలుగా లేచింది. వాళ్ళు మోసం చేశారని నీకు కోపం, ఇల్లు ఖాళీ చేసేనాడు డిపాజిట్ పోతుందని భయం. ఆ రెండూ కాసేపు పక్కన పెట్టు. చేతిలో ఉన్న ఆ స్ప్రే సీసా కూడా పక్కన పెట్టు.

ఇక్కడి కార్పెట్ మిల్లులో రంగుల విభాగంలో ఇన్నేళ్ళు పనిచేశాక నేను చెప్పగలిగింది ఒక్కటే. కడిగాక వచ్చే తంటాలు పైన కనిపిస్తాయి గానీ, చాలామటుకు పుట్టేది కింద. కాబట్టి మరకను చూసినప్పుడల్లా దాని కింద ఏముందో, నీళ్ళు ఎంతవరకు దిగాయో, దిగినవి ఎటు పోయాయో ఆలోచించు. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కింద ఏముందో చెప్తా విను. 1895లో ఈ డాల్టన్ పక్కనే క్యాథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి గుడ్డలోంచి దారం గుచ్చి, పైన కుచ్చులుగా వదిలి, మంచం మీద పరిచే దుప్పటి తయారుచేసింది. ఆ చేతిపనే తర్వాత మిషన్ల మీదకెక్కి కార్పెట్ అయింది. మీ అపార్ట్‌మెంట్‌లో ఉన్నదీ అదే పద్ధతి. నేసింది కాదు, గుచ్చింది. ఒక గుడ్డలోకి పోగుల్ని గుచ్చుతారు. అవి ఊడిరాకుండా వెనకవైపు లేటెక్స్ జిగురు పూస్తారు. దానికి ఇంకో గుడ్డ అంటిస్తారు. ఆ మొత్తాన్ని మెత్తటి ప్యాడ్ మీద పరుస్తారు. ప్యాడ్ కింద సిమెంటు నేలో, చెక్కో ఉంటుంది. నువ్వు చూసేదీ తుడిచేదీ పైనున్న పోగుల్ని మాత్రమే. ఒలికిన కాఫీ మాత్రం ప్యాడ్ దాకా వెళ్ళింది.

ముందు ఆ కాఫీ సంగతే చూద్దాం. కప్పు ఒలికిన రోజున పైన తుడిచావు, లోపలికి దిగింది అక్కడే ఎండిపోయింది. ఇప్పుడు మిషన్‌తో కొట్టిన వేడినీళ్ళకు ఆ ఎండిన కాఫీ, పాలు, పంచదార మళ్ళీ కరిగాయి. కార్పెట్ ఆరేటప్పుడు ముందుగా ఆరేవి పోగుల కొనలు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టు, ఆరిన కొనలు కింది తడిని పైకి లాగుతాయి. నీళ్ళు ఆవిరైపోతాయి, వాటితో వచ్చిన కాఫీ కొనల మీద నిలిచిపోతుంది. అందుకే వాళ్ళు ఉన్నంతసేపూ కనపడని మరక, తెల్లారేసరికి తేలింది. ఇది ప్రతిసారీ మోసం కాదు. నీళ్ళు ఎక్కువ కొట్టి తక్కువ పీల్చితే మాత్రం వాళ్ళ తప్పు కూడా ఉన్నట్టే.

దీనికి మళ్ళీ బకెట్టుతో నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే లోపలున్నది ఇంకా కరుగుతుంది, ఇంకా పైకొస్తుంది. గోరువెచ్చని నీళ్ళు మరక మీద పోగుల కొనలు తడిసేంత మాత్రమే చల్లు. తెల్లటి నూలు తువ్వాలును నాలుగైదు మడతలు వేసి దానిమీద పరుచు. రంగు తువ్వాలు వద్దు, దాని రంగు కార్పెట్‌కి దిగుతుంది. తువ్వాలు మీద బరువైన పుస్తకాలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టి, రాత్రంతా వదిలెయ్యి. ఇప్పుడు తడి పోగుల కొనల దగ్గర ఆగదు, తువ్వాలులోకి ఎక్కుతుంది. కాఫీ కూడా దాంతో పాటే పోతుంది. పొద్దున తువ్వాలు అడుగున గోధుమరంగు వలయం కనిపిస్తే పని జరుగుతున్నట్టే. వలయం పడటం మానేదాకా, ఆరనిచ్చి మళ్ళీ చెయ్యి. రుద్దకు. రుద్దితే పోగుల పురి విడిపోయి, మరక పోయినా ఆ చోటు మసకగానే ఉండిపోతుంది.

ఇక ఎర్రబడిన పసుపు. ఫోటో చూసి మీ అత్తయ్య "ఇది పారాణి కాదూ!" అంది. నిజంగానే అది పారాణే. మన పెళ్ళిళ్ళలో పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది చూడు, క్షారం తగిలితే పసుపు చేసే పని అదే. నైలాన్, పాలియెస్టర్ కార్పెట్ల మీద జిడ్డు వదలడానికి ముందుగా చల్లే మందులు ఎక్కువగా క్షార గుణం ఉన్నవే. సాంబారు ఒలికిన చోట అలాంటి మందు పడింది, చివర్లో దాన్ని సరిగ్గా కడగలేదు. అందుకే ఎర్రబడింది. కొత్త మరకేమీ కాదు, పాతదే రంగు మార్చింది.

ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్ళు కలిపి తెల్లగుడ్డతో అద్దు. పులుపు తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది. అలా పచ్చబడిందంటే మన అంచనా సరైందే. ఆ తర్వాత మామూలు నీళ్ళతో అద్ది ఆరనివ్వు. మిగిలిన పచ్చదనానికి మంచి మందు ఎండ. పసుపు ఎండకు వెలుస్తుందని మనకి తెలియంది కాదు. ఆ బల్ల కిటికీ పక్కనే కాబట్టి కొన్నాళ్ళు బ్లైండ్స్ తీసి ఉంచు. ఇంకా మొండికేస్తే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది. కానీ అది కార్పెట్ రంగు మీద కూడా పని చెయ్యగలదు. ముందు క్లోజెట్‌లో ఓ మూల చుక్క వేసి, ఆరాక చూసి, ఏమీ కాకపోతేనే వాడు. క్లోరిన్ బ్లీచ్ జోలికి మాత్రం వెళ్ళకు. ఏ కారణానికైనా సరే, దాన్ని వెనిగర్‌తో కలపకు. విషవాయువు వస్తుంది.

బ్లీచ్ అంటే గుర్తొచ్చింది. నీ మూడో ఫోటోలో బాత్‌రూమ్ గుమ్మం దగ్గర నారింజ రంగు చుక్కలున్నాయి. అవి మరకలు కావు, రంగు పోయిన చోట్లు. మీ కార్పెట్ బూడిదరంగు కొన్ని రంగులు కలిపి అద్దింది. వాటిలో నీలం ముందు చచ్చిపోతే నారింజ మిగులుతుంది. మీ రూమ్మేట్ మొటిమలకు రాసుకునే క్రీములో బెంజాయిల్ పెరాక్సైడ్ ఉందేమో చూడు. అది కార్పెట్ మీద పడి ఊరుకుంటుంది, తడి తగిలాక రంగు తినేస్తుంది. నింద క్లీనింగ్ వాళ్ళ మీద పడుతుంది. పోయిన రంగును ఏ సబ్బూ తిరిగి తేలేదు. అక్కడ రంగైనా అద్దించాలి, లేదా క్లోజెట్ లోపలి ముక్క కోసి అతికించాలి.

వాసన విషయంలో ఆలస్యం చెయ్యకు. తడిసిన కార్పెట్‌ను 24 నుంచి 48 గంటల లోపు పూర్తిగా ఆరబెట్టాలని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఆ తర్వాత బూజుకు చోటు ఇచ్చినట్టే. పొడి పేపర్ టవల్‌ను నాలుగు మడతలు వేసి, వాసన వచ్చేచోట పెట్టి, దానిమీద మడమతో కాసేపు నిలబడు. పేపర్ తడిసిందంటే ప్యాడ్ ఇంకా ఆరలేదు. కిటికీలు తెరిస్తే ఆరుతుందనుకోకు. నువ్వుండేది హ్యూస్టన్, మన విశాఖ లాగే బయటి గాలిలోనే బోలెడంత తేమ. కిటికీలు మూసి, ఏసీ వేసి, ఫ్యాన్ గాలి కార్పెట్ మీదుగా పారేటట్టు నేల మీద పెట్టు. డీహ్యూమిడిఫైయర్ దొరికితే ఇంకా మంచిది. ఆరిన తర్వాత కూడా వాసన పోకపోతే మూల పైకెత్తి ప్యాడ్ చూడాలి, అది మెయింటెనెన్స్ వాళ్ళ పని. సెంటు పొడులు చల్లి వాసన కప్పెట్టకు.

అలల గురించి కంగారుపడకు. తేమకు ఆ జిగురు పొర మెత్తబడి కార్పెట్ సాగుతుంది. పూర్తిగా ఆరితే చాలావరకు తనంతట తనే సర్దుకుంటుంది. ఈలోగా దానిమీద సోఫా ఈడ్చకు. వారం దాటినా అలాగే ఉంటే, గోడ నుంచి గోడకు లాగి బిగించే పవర్ స్ట్రెచర్‌తో సరిచేయించమని లీజింగ్ ఆఫీసులో చెప్పు. సోఫా కాళ్ళ కింద క్లీనింగ్ వాళ్ళు పెట్టిన థర్మోకోల్ ముక్కల్ని కూడా అప్పుడే తియ్యకు. తడి ఉండగా తీస్తే ఇనపకాలి తుప్పు, చెక్క రంగు కార్పెట్‌కి పట్టుకుంటాయి. అవి కాఫీ కంటే మొండివి.

ఇంకో రెండు వారాల్లో నడిచే దారి మళ్ళీ నల్లబడితే, అది సబ్బు మిగిలిపోయిన గుర్తు. తడి తెల్లగుడ్డతో రుద్దిచూస్తే నురగ వస్తుంది, ఆరాక ఆ చోటు బిరుసుగా, జిగటగా తగులుతుంది. జిగట ఉన్నచోట దుమ్ము అంటుకోక ఏం చేస్తుంది? దానికి ఇంకా సబ్బు వెయ్యకూడదు, ఉత్త వేడినీళ్ళతో కడిగి గట్టిగా పీల్పించాలి. నువ్వు గ్రాసరీ స్టోర్లో మిషన్ అద్దెకు తెచ్చుకున్నా ఇదే మాట. చెప్పిన కొలత కంటే షాంపూ ఎక్కువ పోస్తే, నురగతో పాటు తంటా కూడా ఎక్కువవుతుంది.

గోడల వెంబడి, తలుపు కింద కనిపించే నల్లగీతలు వేరు. ఆ సందుల్లోంచి గాలి దూరేటప్పుడు కార్పెట్ దాన్ని వడగడుతుంది. నీ అగరుబత్తీల పొగ, వేపుళ్ళ పొగ, కొవ్వొత్తుల మసి అన్నీ అక్కడే చేరతాయి. చుట్టూ శుభ్రపడ్డాక అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పూర్తిగా పోవడం కష్టం. నడకదారిలో మెరుపు తగ్గినచోటు కూడా అంతే. ఇసుక గీతలు పడి అరిగిన పోగు ఎంత కడిగినా మసకే.

ఇవన్నీ చూశాక ఏది ఎవరి ఖాతాలో వెయ్యాలో నీకే తెలుస్తుంది. మరక తిరిగి తేలడం, పసుపు ఎర్రబడటం, మందు సరిగ్గా కడగకపోవడం, తడి మిగలడం, ఇవి క్లీనింగ్ వాళ్ళని అడగొచ్చు. రంగు పోవడం, అరుగుదల, గోడ పక్క గీతలు, ఇవి వాళ్ళవి కావు. బిల్లు తీసి చదువు. మరక తిరిగి తేలితే ఇన్ని రోజుల లోపు ఉచితంగా వచ్చి చేస్తామని చాలామంది రాసిస్తారు. నువ్వు చేతులు పెట్టకముందే వాళ్ళకు ఫోన్ చెయ్యి. నీ మందులు పడ్డాక "మీరే పాడుచేశారు" అనే వీలు వాళ్ళకు ఇచ్చినట్టవుతుంది. ఫోటోలు తేదీతో సహా ఉంచు. "చివర్లో దేంతో కడిగారు? ఎన్నిసార్లు పీల్చారు?" అని నెమ్మదిగా అడుగు. పని తెలిసినవాడైతే ఆ ప్రశ్నలకే దారికొస్తాడు.

డిపాజిట్ విషయం. మామూలు వాడకంలో అరిగినదానికి టెక్సస్ చట్టం ప్రకారం డిపాజిట్‌లో కోత పెట్టకూడదు. ఇల్లు ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కివ్వాలి, కోసుకుంటే దేనికి ఎంతో రాసివ్వాలి. నువ్వు మాత్రం కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చి వెళ్ళాలి. చేరిన రోజు తీసిన ఫోటోలు వెతికి పెట్టుకో. మరకకు కోత న్యాయమే, అరుగుదలకు కాదు. ఆ తేడా నీకు తెలుసని వాళ్ళకు అర్థమైతే చాలు.

ఈ రోజుకి ఏసీ, ఫ్యాన్, పేపర్ టవల్ పరీక్ష. రేపు పొద్దున వాళ్ళకు ఫోన్. వాళ్ళు రామంటేనే తువ్వాలు, వెనిగర్. ఈ వరస తప్పకు.

ఇట్లు
మీ మామయ్య

తా.క. మీ అమ్మ పంపిన ఏలూరు తివాచీని ఈ క్లీనింగ్ వాళ్ళ మిషన్ కింద పెట్టనివ్వకు. అది ఉన్ని, లోపల నూలు పడుగు. క్షారం తగిలితే ఎరుపు పక్కనున్న తెలుపులోకి పాకుతుంది, నెమ్మదిగా ఆరితే నూలు కుచ్చులు గోధుమరంగుకు తిరుగుతాయి. తడి తెల్లగుడ్డను ఎరుపు మీద కాసేపు అదిమి పెట్టి చూడు. రంగు దిగితే ఇంట్లో కడగకు. ఉన్ని తివాచీలు చేత్తో కడిగేవాళ్ళకే ఇవ్వు. దిగకపోయినా వాక్యూమ్ చెయ్యడమే, అది కూడా కుచ్చుల జోలికి వెళ్ళకుండా.