ఒకే కూత - ఇద్దరు మిత్రులు

మీరూ, మీ స్నేహితుడూ రేపల్లెలో పాసింజరు బండి ఎక్కి తెనాలి జంక్షన్‌లో దిగారనుకోండి. మైకులో ప్రకటనలు, టీ అమ్మేవాళ్ళ కేకలు, పక్క లైనులో ఆగకుండా పోతున్న గూడ్సు కూత. పావుగంట గడిచేసరికి మీ స్నేహితుడు "పద, బజారు చూసొద్దాం" అంటూ హుషారుగా ఉన్నాడు. మీకు మాత్రం తల దిమ్మెక్కి, కాసేపు ఎక్కడైనా ఒంటరిగా కూర్చోవాలనిపిస్తోంది. ఎందుకిలా? మీ చెవులు అతని చెవులకంటే పదునైనవా?

కానక్కర లేదు. డాక్టరు పరీక్షిస్తే ఇద్దరి వినికిడీ ఒకేలా ఉండవచ్చు. చెవి పంపిన కబురును మెదడు ఏం చేస్తుందనే దానిలోనే ఉంది తేడా అంతా. కొందరి మెదడు చాలా కబుర్లను పైపైన చూసి వదిలేస్తుంది. మరికొందరి మెదడు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, పాత జ్ఞాపకాలతో పోల్చి, లోతుగా పరిశీలిస్తుంది. పని ఎక్కువ గనుక అలసటా ఎక్కువే. ఇలాంటివారే సున్నిత మనస్కులు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఎలైన్ ఆరన్ 1996లో వీరి గురించి ఒక పుస్తకం రాశాక ఈ లక్షణం లోకానికి బాగా తెలిసింది. ఇది జబ్బు కాదు.

శబ్దాల సంగతి ఒక్కటే కాదు. మాస్టారు పక్కవాణ్ణి కోప్పడితే తమ కళ్ళలో నీళ్ళు తిరగడం, చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే దారం రోజంతా చికాకు పెట్టడం, అమ్మ ముఖం చూడగానే ఇంట్లో ఏదో జరిగిందని పసిగట్టడం, మంచి పాట వింటే ఒళ్ళు పులకరించడం - ఇవన్నీ ఆ కోవలోవే. దీన్ని సిగ్గుతో కలపకండి. సున్నిత మనస్కులలో నలుగురితో కలివిడిగా తిరిగేవాళ్ళు నూటికి 30 మంది దాకా ఉంటారని ఆరన్ అంచనా.

ఇలాంటి తేడాలు జంతువుల్లోనూ ఉన్నాయి. కుక్కకు గంట వినిపించగానే నోట లాలాజలం ఊరే ప్రయోగం గురించి మీరు చదివే ఉంటారు. ఆ పరిశోధనలు చేసిన పావ్లోవ్ ప్రయోగశాలలోకి 1924 సెప్టెంబరులో వరదనీరు వచ్చింది. లెనిన్‌గ్రాడ్ నగరాన్ని పెద్ద వరద ముంచెత్తిన రోజది. కుక్కలను అతి కష్టం మీద నీళ్ళలో ఈదించి బయటపడేశారు. తరవాత చూస్తే కొన్ని కుక్కలు ఏమీ జరగనట్టే ఉన్నాయి. కొన్ని మాత్రం నేర్చుకున్నదంతా మరిచిపోయాయి! వాటిలో ఒకటి కోలుకున్నాక, తలుపు కింద నుంచి సన్నగా నీరు పారేలా చేశారు. అంతే, దాని పరిస్థితి మళ్ళీ మొదటికొచ్చింది.

మన తీరం వారికి ఇది వింతగా తోచదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివాన తరవాత ఒకే ఇంటి అన్నదమ్ములలో ఒకడు మర్నాడే ఆటల్లో పడవచ్చు. రెండోవాడు ఎన్నో రోజులదాకా కిటికీ తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడవచ్చు. రెండోవాణ్ణి మనం వెంటనే "పిరికివాడు" అనేస్తాం. త్వరగా చెదిరిపోయే కుక్కల నాడీమండలాన్ని పావ్లోవ్ కూడా "బలహీనమైనది" అన్నాడు. అంత గొప్ప శాస్త్రజ్ఞుడు పెట్టినదైనా ఆ పేరు సగం సంగతే చెబుతుంది.

మిగతా సగం తెలియాలంటే బాపట్ల వరిని చూడండి. సాంబ మసూరి వంగడం అక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానంలో తయారైంది. 1986లో విడుదలైంది. రైతులు దాన్ని "బీపీటీ" అంటారు. ఆ అక్షరాలు బాపట్లవే. గింజ సన్నం, అన్నం రుచి. కాని ఎండాకు తెగులు, అగ్గితెగులు దాన్ని తేలికగా పట్టుకుంటాయి. కనిపెట్టి చూసుకోవాలి. అంతమాత్రాన అది పనికిరాని వంగడమని ఏ రైతూ అనడు. (మనిషిని వరితో పోల్చడం కొంతవరకే సబబు. తెగులుకు మందు కొట్టాలి. సున్నితత్వానికి మందు అక్కర లేదు.)

సున్నిత మనస్కుల మీద చెడ్డ పరిసరాలు ఎక్కువగా పనిచేస్తాయి, మంచి పరిసరాలూ అంతే. తూర్పు లండన్‌లో పదకొండేళ్ళ బాలికలకు దిగులును ఎదుర్కోవడం ఎలాగో బడిలో పాఠాలు చెప్పారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తరవాత చూస్తే మేలు స్పష్టంగా కనిపించింది సున్నిత మనస్కులైన బాలికల్లోనే! మిగిలినవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మరి వీరిని బలహీనులంటే ఎలా?

ఇలాంటివారు అరుదేమీ కాదు. 2018లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం పెద్దవారిలో సుమారు 30 శాతం బాగా సున్నితులు, 40 శాతం మధ్యరకం, మిగిలినవారిలో ఆ గుణం తక్కువ. ఆ లెక్కన 40 మంది ఉన్న తరగతిలో పన్నెండు మంది దాకా ఉండవచ్చు. కవలలను పరిశీలించినప్పుడు, మనిషికీ మనిషికీ మధ్య ఈ తేడాలో ఇంచుమించు సగం పుట్టుకతో వచ్చిందనీ, మిగతాది పెరిగిన పరిసరాలదనీ తేలింది.

మీరు ఆ పన్నెండు మందిలో ఒకరైతే, పెళ్ళి సందడిలోంచి పది నిమిషాలు డాబా మీదకు వెళ్ళి రండి, తప్పేం లేదు. పరీక్షల ముందు నిద్ర తగ్గించుకోకండి, అలసిన మెదడుకు ప్రతి మోతా రెట్టింపే. మీ పక్క బెంచీ వాడు అలాంటివాడైతే, వెనక నుంచి వచ్చి అరిచి బెదరగొట్టే సరదా మానండి. అయితే దిగులు వారాల తరబడి వదలకపోతే, అన్నం, నిద్ర సరిగా లేకపోతే, దాన్ని సున్నితత్వమని సరిపెట్టుకోకూడదు. ఇంట్లోవాళ్ళకో, మాస్టారికో చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.