ఒక చట్టం నేర్పిన పాఠం

ఖాతాదారు తాళంచెవి లేనిదే బ్యాంకు లాకరు తెరుచుకోదు. అలాగే, యజమాని చేతిలో తప్ప పేలనిది 'స్మార్ట్' పిస్తోలు. ఇంట్లో పిల్లల చేతికి చిక్కినా ప్రాణం దక్కుతుంది.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 2002లో చట్టం చేసింది: ఇటువంటి పిస్తోళ్లు అమ్మకానికి వచ్చిన మూడేళ్లకు తమ రాష్ట్రంలో కొత్తగా అమ్మేవన్నీ అవే కావాలి.

ఉద్దేశం మంచిదే, ఫలితం తలకిందులైంది. 2014లో మేరీలాండ్ వర్తకుడొకరు, చేతిగడియారం దగ్గరుంటేనే పేలే పిస్తోలు అమ్ముతానన్నారు. అమ్మితే ఆ గడువు మొదలవుతుందని తుపాకీ ప్రియులు మండిపడ్డారు. బెదిరింపులు రావడంతో ఆయన మానుకున్నారు.

చివరకు 2019లో చట్టం మారింది. ఆమోదం పొందిన స్మార్ట్ పిస్తోలు ఒక్కటైనా దుకాణంలో ఉంచాలి, మిగతావీ అమ్ముకోవచ్చు.

నియమం పెట్టేముందు, దాన్ని ఇష్టపడనివారు ఏం చేస్తారో కూడా ఆలోచించాలి. తల్లిదండ్రులకూ ఇదే పాఠం.