మిస్సమ్మ: ఒక నవ్వుల కథ, దాని నటులు

పాఠశాల పత్రికలో సినిమా ముచ్చట యేల యని కొందఱు తలిదండ్రులు అడుగవచ్చును. మేమును మొదట సంకోచించితిమి. కాని “మిస్సమ్మ” బడిపంతుళ్ళ కథ. ఉపాధ్యాయులు కావలెనను ప్రకటనయే ఆ కథకు మూలము. దానిని గూర్చి మాటలాడుటకు మనకంటె తగినవారెవరని ధైర్యము తెచ్చుకొంటిమి.

మద్రాసులోని విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ఈ చిత్రము 1955 జనవరిలో విడుదలయ్యెను. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. అప్పాపురము జమీందారు గోపాలము తాను నడుపు బడికి పట్టభద్రులయిన భార్యాభర్తలే ఉపాధ్యాయులుగా రావలెనని ప్రకటించును. మద్రాసులో ఇద్దఱు నిరుద్యోగులు దానిని చూతురు. ఒకడు ఎం.టి. రావు, హిందువు. రెండవది మేరి, క్రైస్తవ యువతి. (ఎం.టి. యను అక్షరములు ఇంగ్లీషున “ఖాళీ” యను మాటవలె వినబడును. జేబులో కాసు లేనివానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు!) మేరి యింటివారు డేవిడ్ అనువానికి బాకీపడి యున్నారు. ఆ బాకీని అడ్డుపెట్టుకొని వాడామెను పెండ్లాడజూచుచున్నాడు. గతిలేక వీరిద్దఱును భార్యాభర్తలమని చెప్పుకొని ఉద్యోగములో చేరుదురు.

ఇక నవ్వు ఎట్లు పుట్టుచున్నదో చూడుడు. ఒక అబద్ధమును నిలుపుటకు రెండవది కావలెను, రెండవదానికి మూడవది. మేరి అలవాట్లకు రావు పూటకొక సమాధానము కల్పింపవలసివచ్చును. నిజము మనకు తెలియును, జమీందారు దంపతులకు తెలియదు. వారు ఎంత ప్రేమగా చూచిన మేరికి అంత ఇబ్బంది. ఎవరిని జూచి నవ్వుచున్నామో వారెవరును దుర్మార్గులు కారు. అమెరికాలో 1934లో వచ్చిన “ఇట్ హాపెన్డ్ వన్ నైట్” చిత్రమునందును పెండ్లికాని యువతీయువకులు దారిలో దంపతులుగా నటింతురు. అయితే వారి బొంకు బసచేసిన చోటుల వఱకే. మేరి బొంకు దినదినము తరగతిలోను, వంటయింటిలోను, పండుగనాడును నిలువవలెను.

ఇంట నొక భాష, బజారున మరొక భాష మాటలాడు మన పిల్లలకు మేరి చిక్కు కొంత తెలియును. తన ప్రార్థన, తన పేరు, తన నడవడి దాచుకొని పరులకు నచ్చిన రీతిగా మసలుట ఎంత కష్టమో ఆమె కోపములో కనబడును. ఆ కోపమును సావిత్రి నటించిన తీరు మఱవరానిది. కసరును, విసవిస నడచును. మఱుక్షణమే రావు సీతకు సంగీతము నేర్పుట చూచి ఆమె మొగము చిన్నబోవును. ప్రేమయని ఆమె నోట రాకముందే మనకు తెలిసిపోవును.

ఈ పాత్ర మొదట సావిత్రిది కాదు. భానుమతితో కొంత చిత్రీకరించిన పిదప నిర్మాతలకును ఆమెకును పొసగలేదు. అంతట రెండవ నాయికగా తీసికొన్న సావిత్రికి మేరి పాత్ర దక్కెను. ఆమె విడిచిన సీత పాత్ర జమునకు వచ్చెను.

“పాతాళభైరవి”లో కత్తి దూసిన రామారావు ఇందు మెత్తగా మాటలాడి, సావిత్రి కేకలన్నిటికిని చోటిచ్చును. ఆ చిత్రములో మాంత్రికుడై భయపెట్టిన రంగారావే ఇందు వాత్సల్యమూర్తియగు జమీందారు. 1953లో “దేవదాసు”గా ఆంధ్రదేశమును ఏడిపించిన నాగేశ్వరరావు, మఱియొకరు నాయకుడుగానున్న చిత్రములో అపరాధపరిశోధకుడను పిచ్చిలోనున్న రాజుగా నవ్వించుటకు ఒప్పుకొనెను. అట్టి స్థితిలో ఎందఱు నటులు ఒప్పుకొందురో చెప్పజాలము. దేవయ్యగా రేలంగి, డేవిడ్‌గా రమణారెడ్డి కనబడినంతనే నవ్వు వచ్చును.

ఒక్కచోట మాత్రము కథ మాకు తృప్తి నీయలేదు. చివరకు మేరి, జమీందారుకు చిన్నతనమున తప్పిపోయిన కూతురు మహాలక్ష్మియే యని తేలును. దానితో మతభేదమను ముడి విప్పకయే విడిపోవును. ఆమె నిజముగా క్రైస్తవుల బిడ్డయే అయియుండినచో రావు ఏమి చేసెడివాడు? జమీందారు దంపతులు ఆమెను అంతటి ప్రేమతోనే చూచెడివారా? చిత్రము ఈ ప్రశ్నను తప్పించుకొన్నది. పెద్దలును పిల్లలును కలిసి చర్చింపదగిన ప్రశ్న యిది.

ఇంత తెలుగుదనముగల ఈ కథ పుట్టినది బెంగాలులో. రవీంద్రనాథ మైత్ర వ్రాసిన “మన్మయీ గర్ల్స్ స్కూల్” నాటకమును (ఈయన ఠాకూరు కాడు, పేరు మాత్రమే ఒకటి), శరదిందు బందోపాధ్యాయ పరిశోధక కథ నొకదానిని కలిపి చక్రపాణి ఈ కథ నల్లెను. ఆయన క్షయవ్యాధితో మదనపల్లి శానిటోరియములో నున్నపుడు తోటి రోగివద్ద బెంగాలీ నేర్చుకొని, తరువాత శరత్‌బాబు నవలలను తెలుగు చేసెను. ప్రాణమునకు ముప్పుగానున్న దినములలో నేర్చిన భాష యది! ఆ కథ తెలుగుతోపాటు తమిళమునను తయారయ్యెను. 1957లో “మిస్ మేరీ” యను పేర హిందీలోనికి పోయెను. అందు మీనాకుమారి మేరి.

పాటలకు వచ్చినచో మనకు మఱికొంత గర్వము కలుగును. వానిని వ్రాసిన పింగళి నాగేంద్రరావు జన్మస్థలము శ్రీకాకుళము దాపున రాజాము. సంగీతము కూర్చిన రాజేశ్వరరావు పుట్టినది సాలూరు చెంత శివరామపురము. కోరాపుట్ నుండి ఘాటుదారిన బస్సు దిగినవారికి సాలూరు తెలియనిది కాదు. రామారావుకు ఏ.ఎం. రాజా, సావిత్రికి పి. లీల, జమునకు సుశీల పాడిరి.

కొల్నార, రాయగడ ప్రాంతముల యిండ్లలో ఈ చిత్రము చూడనివారు ఉండవచ్చును గాని, ఆ నిర్మాతల చేతిపని నెఱుగని పెద్దలు తక్కువ. వారు 1947లో ప్రారంభించిన “చందమామ” 1956లో “జహ్నమాము” అను పేరుతో ఒడియాలోను రాసాగెను. ఒకే కథను తెలుగులో అవ్వయు, ఒడియాలో మనుమడును చదువుకొన్న యిండ్లు ఉండియుండును. ఇప్పుడు ఆ పత్రిక రాదు. అటకమీది పాతపెట్టెలు దింపి చూచినచో అట్టలూడిన సంచికలు ఒకటి రెండైనను దొరకునేమో.