కేబుల్ తీసేస్తే తెలుగు వార్తలెలా?

ప్రశ్న: డాలస్ దగ్గర ప్లానోలో ఉంటున్నాం. కేబుల్ బిల్లు భారమైంది. ఇంట్లో పెట్టుకునే యాంటెనా సరిపోతుందా? అమ్మానాన్నలు రోజూ తెలుగు వార్తలు చూస్తారు. – ఒక పాఠకురాలు

జవాబు: ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్‌ల వరకు సరిపోతుందమ్మా. అవి ఉచిత ప్రసారాలే. పెద్దవాళ్ల తెలుగు వార్తలు మాత్రం యాంటెనాకు అందవు, వాటికి ఇంటర్నెట్ ఉండాల్సిందే. కేబుల్, ఇంటర్నెట్ ఒకే ప్యాకేజీలో ఉంటే, విడిగా ఇంటర్నెట్ ధరెంతో ముందే కనుక్కోండి. ఆదా అంతా అక్కడే తేలుతుంది.

మీ ప్రాంతపు టవర్లు ఎక్కువగా సీడర్ హిల్‌లో ఉన్నాయి. మీకు దక్షిణ నైరుతిగా, 50 కిలోమీటర్లు దాటి. అందుకే యాంటెనాను టీవీ వెనక పడేయకుండా, మేడ మీద దక్షిణపు కిటికీ దగ్గర పెట్టండి. అద్దానికి లోహపు పూత ఉంటే సిగ్నల్ తగ్గుతుంది, పక్క గోడ మీద పెట్టి చూడండి. చోటు మార్చిన ప్రతిసారీ టీవీలో చానళ్లను మళ్లీ స్కాన్ చేయాలి.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. అక్కడ ఏబీసీ వచ్చే 8వ చానల్ వీహెచ్‌ఎఫ్ అనే తరంగాల శ్రేణిలో ప్రసారమవుతుంది. కాగితంలాంటి పలుచటి యాంటెనాలు చాలావరకు దాన్ని సరిగా పట్టలేవు. లాగితే సాగే రెండు కడ్డీలున్నదే తీసుకోండి. అట్టపెట్టె మీది మైళ్ల లెక్కలు నమ్మొద్దు. వెనక్కి తీసుకునే షాపులోనే కొని, వారంపాటు చూశాకే కేబుల్ తీయించండి.