ఏ యాక్సెంట్ నేర్చుకోవాలి?

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి ఇంగ్లండ్ ప్రయత్నాల్లో ఉన్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. బ్రిటిష్ యాక్సెంట్ కోర్సులో చేరాలా, అమెరికన్‌దా అని అడిగావు కదా, ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. ఇన్నేళ్లు కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండింటిలో దేనికీ డబ్బు కట్టకు. వినడానికి బ్రిటిష్ ఇంగ్లీషు అలవాటు చేసుకో. మాట్లాడటానికి నీ ఇంగ్లీషే చాలు, దాన్ని స్పష్టంగా పలకడం నేర్చుకో.

ముందు పరీక్ష సంగతి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షలు రెండింటినీ ఒప్పుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో నాలుగు అంశాలు చూస్తారు, ఉచ్చారణ వాటిలో ఒకటి మాత్రమే. ఓఈటీలో నువ్వు నర్సుగా, ఎదుటి మనిషి రోగిగానో రోగి బంధువుగానో రెండు సంభాషణలు జరుగుతాయి, ఒక్కోటి ఐదు నిమిషాలు. నీ మాట శ్రమ లేకుండా అర్థమవుతోందా, ఆందోళనలో ఉన్న మనిషికి ధైర్యం చెప్పగలుగుతున్నావా అని చూస్తారు. లండన్‌లో పుట్టినదానిలా మాట్లాడితే ఎక్కువ మార్కులు వేసే పద్ధతి రెండింట్లోనూ లేదు.

ఇక ఉద్యోగం. కోర్సుల్లో బ్రిటిష్ యాక్సెంట్ పేరుతో నేర్పేది చాలావరకు పాతకాలపు బీబీసీ వార్తల యాస. ఆ దేశంలో అలా మాట్లాడేవాళ్లు కొద్దిమందే. లివర్‌పూల్ మాట వేరు, న్యూకాజిల్ మాట వేరు, గ్లాస్గో మాట మరీ వేరు. మన శ్రీకాకుళానికీ చిత్తూరుకీ ఉన్నంత తేడా ఉంటుంది. నీతో డ్యూటీ చేసేవాళ్లలో కేరళ, ఫిలిప్పీన్స్, నైజీరియా నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. వార్డులో ఒక పెద్దావిడ 'పూర్లీ'గా ఉందంటే ఒంట్లో బాగాలేదని, 'లూ'కి వెళ్లాలంటే బాత్రూమ్‌కి తీసుకెళ్లమని వెంటనే తెలియాలి. అందుకే నాలుక కంటే ముందు చెవిని సిద్ధం చేసుకో. '24 అవర్స్ ఇన్ ఏ అండ్ ఈ' అని అక్కడి చానల్ 4 తీసిన డాక్యుమెంటరీ ఉంది. అందులో నిజమైన రోగులూ నర్సులూ మాట్లాడుకుంటారు. యూట్యూబ్‌లో దొరికిన భాగాలు మొదట సబ్‌టైటిల్స్ లేకుండా, తర్వాత వాటితో చూడు.

నీ పలుకులో దిద్దుకోవలసినవి లేకపోలేదు. మనవాళ్లు 'ఎమ్', 'ఎన్' అక్షరాలను 'యమ్', 'యన్' అంటారు. ఫోన్‌లో రోగి పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ఇది చిక్కు తెస్తుంది. 'ఎమ్ ఫర్ మైక్, ఎన్ ఫర్ నవంబర్' అని చెప్పడం అలవాటు చేసుకో. గాయాన్ని 'వౌండ్' అనకు, 'వూండ్' అనాలి. మాట చివర మన అలవాటుకొద్దీ 'ఉ' చేర్చి 'బెడ్డు', 'బ్లడ్డు' అనకు.

అన్నిటికంటే ముఖ్యం మందు మోతాదు. 'ఫిఫ్టీన్' అన్నప్పుడు ఊనిక రెండో భాగం మీద, 'ఫిఫ్టీ' అన్నప్పుడు మొదటి భాగం మీద పడాలి. గబగబా చెబితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. పదిహేను మిల్లీగ్రాములకు బదులు యాభై ఎక్కితే రోగి ప్రాణం మీదకే రావచ్చు. అందుకని 'ఫిఫ్టీన్, వన్ ఫైవ్' అని అంకెలు విడదీసి చెప్పు, అవతలివాళ్ల చేత మళ్లీ చెప్పించుకో.

'నర్స్', 'వార్డ్' అనేటప్పుడు 'ర' పలకడం తప్పేమోనని దిగులుపడకు. ఇంగ్లండ్‌లో చాలామంది దాన్ని మింగేస్తారు కానీ స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్లు శుభ్రంగా పలుకుతారు. అమెరికా వాళ్లూ అంతే. రేపు అమెరికా వెళ్లాలనుకున్నా యాస కంటే ముందు మందుల పేర్లు చూసుకోవాలి. మన పారసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్, అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. బ్రిటన్‌లో మాత్రం మనకు అలవాటైన పేర్లే ఎక్కువ.

అరువు యాసతో ఇంకో ఇబ్బంది ఉంది. ఎమర్జెన్సీలో నీ ధ్యాసంతా రోగి మీద ఉండాలి, నాలుక ఎలా తిరుగుతోందన్న దాని మీద కాదు. కొన్నేళ్లు అక్కడే ఉంటే ఆ ఊరి యాస కొంత దానంతటదే అబ్బుతుంది. అబ్బకపోయినా నీ పనికి లోటేమీ రాదు.

కోర్సుకని తీసిపెట్టిన డబ్బు ఓఈటీ ఫీజుకి వాడుకో. రోజూ అరగంట విను, పావుగంట పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకో, ఇంగ్లీషు బాగా తెలిసిన స్నేహితురాలికి వినిపించి ఎక్కడ అర్థం కాలేదో అడుగు. తెలుగమ్మాయినని మాటలో తెలిస్తే సిగ్గుపడకు తల్లీ. నువ్వు చెప్పింది రోగికి మొదటిసారే అర్థమైతే అదే మంచి ఇంగ్లీషు.

ఆశీస్సులతో,
మీ మావయ్య