దాత కారు

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్ర నిర్మాణంలో బలం కంటే ఔచిత్యం ముఖ్యమని తెలియజేయడం, పాత వస్తువును కొత్త ప్రయోజనానికి వినియోగించేటప్పుడు పాటింపవలసిన వివేకాన్ని విద్యార్థులకు బోధించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

దానగుణాన్ని కీర్తించేటప్పుడు తెలుగువారు శిబిని, కర్ణుని, దధీచిని తలచుకుంటారు. వీరిలో దధీచి కథ విలక్షణమైనది. వృత్రాసురుని సంహరించడానికి అప్పటికి ఉన్న ఆయుధాలేవీ అక్కరకు రాలేదు. ఇంద్రుడు దధీచి మహర్షిని ఆశ్రయించి ఆయన ఎముకలను యాచించాడు. మహర్షి పరోపకార బుద్ధితో దేహత్యాగం చేయగా, ఆయన వెన్నెముకతో వజ్రాయుధం రూపొందింది. ఈ కథలో దాత ఔదార్యంతోపాటు యాచకుని వివేకం కూడా గమనింపదగినది. ఎవరిని ఎదిరించాలో, అందుకు ఎటువంటి ఆయుధం కావాలో తెలిసిన తరువాతనే ఇంద్రుడు చేయి చాచాడు.

నేటి యంత్ర ప్రపంచంలో ఈ కథను గుర్తుకు తెచ్చే ప్రక్రియ ఒకటి ఉన్నది. ఒక పాత కారును పూర్తిగా విప్పి, అందులోని ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు, బ్రేకులు, చక్రాలు మొదలైన వాటిని తీసుకొని, కొత్తగా నిర్మించిన తేలికైన చట్రంలో అమర్చి స్పోర్ట్సు కారును తయారు చేస్తారు. చట్రాన్నీ, పైతొడుగునూ విడిభాగాలుగా అమ్మే సంస్థలు కొన్ని దేశాలలో ఉన్నాయి. అలా కొని బిగించుకున్న వాహనాన్ని కిట్ కారు అంటారు. తన అవయవాలను అర్పించి కనుమరుగయ్యే పాత కారుకు దాత కారు అని పేరు. దానిని ఎంచుకోవడంలోనే నిర్మాత పరిజ్ఞానం తొలిసారి పరీక్షకు నిలుస్తుంది.

బ్రిటన్‌లో ఈ ప్రక్రియ రెండవ ప్రపంచ యుద్ధానంతరం బాగా వ్యాపించింది. పూర్తిగా తయారైన కారును కొంటే అక్కడ కొనుగోలు పన్ను చెల్లించవలసి వచ్చేది. విడిభాగాలు కొని ఇంటివద్ద బిగించుకుంటే ఆ భారం ఉండేది కాదు. కోలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో ప్రవేశపెట్టిన ‘సెవెన్’ అనే చిన్న కారు ఈ పద్ధతిలోనే ప్రజాదరణ పొందింది. 1973లో విలువ ఆధారిత పన్ను రావడంతో ఆ వెసులుబాటు పోయినా, తన కారును తానే నిర్మించుకోవాలనే అభిలాష మాత్రం పోలేదు. రాన్ ఛాంపియన్ అనే ఉపాధ్యాయుడు 250 పౌండ్ల స్వల్ప వ్యయంతో స్పోర్ట్సు కారును నిర్మించుకునే విధానాన్ని వివరిస్తూ 1996లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆయన సూచించిన దాత ఫోర్డు ఎస్కార్టు. ఆ కారు ఆ దేశంలో ప్రతి వీధిలో కనిపించేది. దాని భాగాలు చౌకగా దొరికేవి. ముందున్న ఇంజను వెనుక చక్రాలను తిప్పే అమరిక ఆయన నిర్మించదలచిన కారుకు సరిగ్గా సరిపోయేది.

ఈ విద్యలో తెలుగువారికి కూడా సొంత చరిత్ర ఉన్నది. తరాల క్రితం తమిళదేశానికి వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు పారిశ్రామికాభివృద్ధికి ఎంతో దోహదం చేశాయి. అక్కడ జన్మించిన జి.డి. నాయుడు (1893–1974) యౌవనంలో ఒక ఆంగ్లేయ అధికారి వద్ద మోటారు సైకిలు కొని, దానిని నడపడంతో తృప్తి చెందక, భాగాలన్నీ విప్పి తిరిగి బిగించి యంత్ర రహస్యాలను గ్రహించాడు. పాఠశాల చదువు అంతగా లేని ఆయనకు ఆ మోటారు సైకిలే గురువు అయింది. యంత్రాన్ని విప్పడమంటే దానిని చదవడమే అన్న సత్యానికి ఆయన జీవితం నిదర్శనం.

అదే నగరానికి చెందిన ఎస్. కరివర్ధన్ మోటారు పందెపు కార్ల నిర్మాణంలో ప్రసిద్ధుడు. ఒంటి సీటు పందెపు కారు ఆ రోజులలో సామాన్య యువకునికి అందని మ్రానిపండు. విదేశం నుంచి తెప్పించడానికి అపారమైన ధనం కావాలి. ఒక భాగం చెడిపోతే అది మళ్ళీ సముద్రాలు దాటి రావాలి. 1983 డిసెంబరులో మారుతి 800 రంగప్రవేశం చేయడంతో ఈ పరిస్థితి మారడానికి అవకాశం కలిగింది. ఆ కారులోని 796 ఘనపు సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను చిన్నది, తేలికైనది. దానిని బాగుచేయగల మెకానిక్కులు కొద్ది కాలంలోనే ఊరూరా తయారయ్యారు. కరివర్ధన్ ఆ యంత్ర సామగ్రిని గ్రహించి, చోదకుని వెనుక అమర్చి, ఒంటి సీటు పందెపు కారును రూపొందించాడు. అదే ఫార్ములా మారుతి. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించినా ఆ కార్లు పరుగు ఆపలేదు. ఫార్ములా మారుతితో పందేలకు శ్రీకారం చుట్టిన కోయంబత్తూరు యువకుడు నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. 2003 నాటికి కోయంబత్తూరు సమీపాన వెలసిన పందెపు బాటకు కరివర్ధన్ పేరు పెట్టారు.

దేశంలో మారుతి 800 కంటే బలమైన ఇంజన్లు లేకపోలేదు. అయినా అది ఉత్తమ దాత ఎందుకయిందో విద్యార్థులు ఆలోచింపవలసి ఉన్నది. మారుతి 800లో ఇంజను, గేరుబాక్సు, ముందు చక్రాలను తిప్పే ఇరుసులు అన్నీ ఒకే ముద్దగా కారు ముందు భాగంలో అడ్డంగా ఇమిడి ఉంటాయి. ఆ ముద్దను యథాతథంగా తీసి కొత్త చట్రంలో వెనుకకు జరిపితే, ముందు చక్రాలను తిప్పిన యంత్రమే వెనుక చక్రాలను తిప్పుతుంది. చోదకుని వెనుక ఇంజను ఉండే పందెపు కారుకు ఇంతకంటే అనుకూలమైన అమరిక అరుదు. అదే సంస్థ తయారు చేసిన ఓమ్ని వ్యానులో కూడా దాదాపు అదే ఇంజను ఉన్నది. కాని అందులో అది ముందు సీట్ల కింద నిలువుగా అమరి, పొడవైన ఇరుసు ద్వారా వెనుక చక్రాలను తిప్పుతుంది. ముందు ఇంజను, వెనుక చోదక చక్రాలు గల పాతకాలపు స్పోర్ట్సు కారును నిర్మించదలచినవారికి ఓమ్ని తగిన దాత. ఇంజను ఒకటే అయినా ప్రయోజనం వేరు కావడంవల్ల దాత కూడా వేరయింది. కనుక నిర్మింపబోయే కారు స్వరూపం నిశ్చయమైన తరువాతనే దాతను వెదకాలి. చౌకగా దొరికిందని ముందుగా ఒక పాత కారును కొని, దానితో ఏమి చేయవచ్చునని తరువాత ఆలోచించడం మూల్యం చెల్లింపజేసే పొరపాటు.

బలం విషయంలో మరొక లెక్క ఉన్నది. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. ఇంజను శక్తి సుమారు 37 అశ్వశక్తి. అంటే ఒక్కొక్క అశ్వశక్తి 17 కిలోలకు పైగా లాగవలసి ఉంటుంది. అదే ఇంజనును 450 కిలోల తేలికైన కారులో అమరిస్తే ఒక్కొక్క అశ్వశక్తి వంతుకు 12 కిలోలే వస్తాయి. ఇంజనును ముట్టుకోకుండానే కారు చురుకుదనం పెరిగింది. చాప్‌మన్ మొదలుకొని కరివర్ధన్ వరకు చిన్న ఇంజనుతో పెద్ద ఫలితం సాధించినవారి రహస్యం తేలికదనంలోనే ఉన్నది.

అయితే తేలికదనం కొత్త సమస్యలను కూడా తెస్తుంది. బరువైన కారును మోయడానికి చేసిన స్ప్రింగులు తేలికైన కారుకు మరీ బిరుసుగా ఉంటాయి. ముందు బరువు గల కారులో బ్రేకుల బలంలో అధిక భాగం ముందు చక్రాలకు పంచి ఉంటుంది. ఇంజనును వెనుకకు జరిపితే బరువు కూడా వెనుకకు జరుగుతుంది కనుక ఆ పంపకాన్ని తిరిగి సరిచూడాలి. స్టీరింగుకు తిరిగే ముందు చక్రాల అమరికను వెనుకకు తెచ్చినప్పుడు అవి అటూ ఇటూ తిరగకుండా గట్టి కడ్డీలతో బంధించాలి. ఇంజను వేగంగా పనిచేయకపోతే పందెంలో ఓడిపోతారు. బ్రేకు సరిగా పనిచేయకపోతే ప్రాణాలే పోతాయి. అందువల్ల దాత కారులో ఇంజను కంటే ముందుగా స్టీరింగును, బ్రేకులను, చక్రాల ఇరుసులను పరీక్షించడం ఉత్తమ నిర్మాత లక్షణం.

దాతను పరీక్షించే పద్ధతి సాధారణంగా పాత కారు కొనేవారి పద్ధతికి భిన్నంగా ఉంటుంది. మామూలు కొనుగోలుదారు రంగును, సీట్లను చూస్తాడు. దాతను వెదికేవాడు వాటిని పట్టించుకోనవసరం లేదు; పైతొడుగు ఎలాగూ పాత ఇనుము కొట్టుకు పోయేదే. ఇంజను ముందున్న కారు వెనుక నుంచి ఢీకొనబడి నుజ్జయినా మంచి దాత కావచ్చును. ముందు నుంచి దెబ్బతిన్న కారు ఎంత చౌకగా వచ్చినా తగదు. కావలసిన అవయవాలన్నీ ముందే ఉన్నాయి కదా! తీరప్రాంతాలలో తుప్పు మరొక శత్రువు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట వెలసిన భీమునిపట్నంలో ఏళ్ళ తరబడి ఉప్పుగాలికి నిలిచిన కారును కొనేవారు పైరంగును నమ్మరాదు. కారు కిందికి దూరి బ్రేకు గొట్టాలను, చక్రాల చేతులను, ఇరుసు మూలాలను సుత్తితో తట్టి చూడాలి. తుపాను వరదనీట మునిగిన కారులో వైరింగు తీగలకు లోలోపల చిలుము పట్టి ఉంటుంది. కార్బురేటరు గల పాత ఇంజనుకు ఇంధన సరఫరా సులభం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇంధనం చిమ్మే ఇంజనును ఎంచుకుంటే, దానిని నియంత్రించే పెట్టె, సంవేదకాలు, తీగల కట్ట, తాళంచెవి సైతం అదే కారు నుంచి తీసుకోవాలి. అందుకే పది కొట్లలో పది భాగాలు ఏరుకోవడం కంటే నడుస్తున్న ఒకే కారును సంపూర్ణంగా కొనడం మేలు. విప్పక ముందు దానిని నడిపి చూడవచ్చును. ఒక భాగం మరొక భాగానికి సరిపోతుందా అన్న సందేహం కూడా ఉండదు.

కాగితాల పరీక్ష కూడా అంతే ముఖ్యం. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.లోని సంఖ్యలతో సరిపోవాలి. లేకుంటే దానమని తలచినది దొంగసొత్తు కావచ్చును. వాహనంపై అప్పు ఉన్నదేమో విచారించాలి. వాహనం శాశ్వతంగా పనికిరాకుండా పోయినప్పుడు యజమాని 14 రోజులలో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతున్నది. తయారీదారు నిర్దేశించిన మూల లక్షణాలను మార్చరాదని అదే చట్టం 52వ సెక్షను నియమం. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ నియమాన్ని దృఢపరిచింది. కనుక దాత కారు నంబరు పలకను కొత్త కారుకు తగిలించి విశాఖ – భీమిలి బీచ్ రోడ్డు మీద పరుగెత్తించడం చట్టవిరుద్ధం. ఆ దారిలో నడిచే బాటసారికి, వలలు మోసుకుపోయే మత్స్యకారునికి నిర్మాత ప్రతిభతో పని లేదు. ఎదురుగా వచ్చే వాహనం సకాలంలో ఆగడమే వారికి కావలసినది. ఇటువంటి కార్లకు తగిన స్థలం మూసిన పందెపు బాట, లేదా పోటీ ప్రాంగణం. భీమునిపట్నం చేరువనున్న సంగివలస వంటి చోట్ల ఇంజనీరింగు చదివే విద్యార్థులకు ఈ అవకాశం నేడు అందుబాటులో ఉన్నది. 2011లో ఆరంభమైన సుప్రా వంటి జాతీయ పోటీలలో విద్యార్థి బృందాలు మోటారు సైకిలు ఇంజనుతో చిన్న పందెపు కార్లను స్వయంగా నిర్మించి, నిపుణుల తనిఖీకి నిలబెడతాయి. అక్కడ బ్రేకు పరీక్షలో నెగ్గని కారును పందెంలోకి అనుమతించరు.

దాతను ఎన్నుకోవడంలో మరొక ధర్మం కూడా ఇమిడి ఉన్నది. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకు ప్రత్యేకమైన చట్రం ఉండేది. పైతొడుగును తీసివేసినా చట్రం నిలిచి ఉంటుంది కనుక బ్రిటన్‌లో దాని మాతృక అయిన ట్రయంఫ్ హెరాల్డ్ ఎన్నో కిట్ కార్లకు దాత అయింది. యంత్రశాస్త్ర రీత్యా అది చక్కని దాతయే. కాని నేడు మన దేశంలో మిగిలిన హెరాల్డ్‌లు బహుకొద్ది. అటువంటి దానిని ముక్కలు చేస్తే ఒక కారు పుడుతుంది. ఒక చరిత్ర నశిస్తుంది. మారుతి 800 సంగతి వేరు. 2014లో ఉత్పత్తి ఆగిపోయేనాటికి మన దేశంలో ఆ కార్లు 25 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. వాటిలో ఒకటి అవయవదానం చేసినా లోకానికి లోటు రాదు. ఆ అవయవాలు వృథా కాకుండా మరొక జన్మ ఎత్తుతాయి. అరుదైనదానిని కాపాడి, విస్తారంగా లభించేదానిని వినియోగించడమే ఉచితం.

మన పెద్దలు దానం చేసేటప్పుడు పుచ్చుకొనేవాని పాత్రాపాత్రలను విచారించమన్నారు. దాత కారు విషయంలో ఈ విచారణ రెండు వైపులా జరగాలి. ఇచ్చే కారు తగినదా అని నిర్మాత పరీక్షిస్తాడు. దానిని విప్పడానికి, తిరిగి బిగించడానికి, ఇతరుల ప్రాణాలకు పూచీ పడడానికి తాను తగినవాడనా అని తనను తాను కూడా పరీక్షించుకోవాలి.

కఠిన పదాలు – అర్థాలు

ఔచిత్యం = తగిన విధంగా ఉండడం
ఔదార్యం = ఉదార గుణం
అందని మ్రానిపండు = పొందడానికి వీలుకానిది
చోదకుడు = వాహనం నడిపేవాడు
మాతృక = మూలరూపం
చిలుము = లోహానికి పట్టే మకిలి
పాత్రాపాత్రలు = యోగ్యత, అయోగ్యతలు

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. దాత కారును ఎంచుకోవడంలో పాటింపవలసిన నియమాలను వివరించండి.
2. ‘ఇంజను ఒకటే అయినా ప్రయోజనం వేరు కావడంవల్ల దాత కూడా వేరయింది.’ ఈ వాక్యాన్ని సోదాహరణంగా సమర్థించండి.

ఆ. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. కరివర్ధన్ కృషిని తెలపండి.
2. తేలికదనంవల్ల కలిగే లాభాలు, సమస్యలు ఏవి?
3. స్టాండర్డ్ హెరాల్డ్‌ను దాతగా వాడడం ఎందుకు ఉచితం కాదు?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. వజ్రాయుధం ఎవరి వెన్నెముకతో రూపొందింది?
2. రాన్ ఛాంపియన్ సూచించిన దాత కారు ఏది?
3. ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న తొలి భారతీయుడు ఎవరు?

వ్యాకరణాంశాలు

సంధులు
వజ్రాయుధం = వజ్ర + ఆయుధం – సవర్ణదీర్ఘ సంధి
పరోపకారం = పర + ఉపకారం – గుణసంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
వెన్నెముక = వెన్ను + ఎముక – ఉత్వసంధి

సమాసాలు
అశ్వశక్తి = అశ్వము యొక్క శక్తి – షష్ఠీ తత్పురుష సమాసం
పాత్రాపాత్రలు = పాత్రమును, అపాత్రమును – ద్వంద్వ సమాసం